సమాధానం మేస్త్రి జవాబు

నాయుడుపేట వడ్రంగి మేస్త్రికి సమాధానం అని పేరు పెట్టినవాళ్లు కాస్త తొందరపడ్డారు. బిడ్డకు మాటలొచ్చేదాకా ఆగి ఉంటే ఇంకో పేరు చూసుకునేవాళ్లు. తలుపులు ఎప్పటికిస్తావని అడిగితే ఆయన కొయ్యను చిత్రిక పడుతూనే ఉండేవాడు. ఇంకోసారి అడిగితే కుడిచెయ్యి ఎత్తి చెవిమీది పెన్సిలు తీసి, దాని మొన చూసి, మళ్లీ చెవిమీదే పెట్టేవాడు. జవాబు అంతే. "సమాధానాన్ని అడిగితే సమాధానం రాదు" అని ఊళ్లో ఒక సామెతే పుట్టింది. పని మాత్రం బంగారం. అందుకని జనం సామెత చెప్పుకుంటూనే రైలు గేటు దగ్గరున్న ఆయన కొట్టుకే వచ్చేవాళ్లు.

అరవై రెండో ఏట, ఎండాకాలంలో, ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము దాకా లేచేది. అక్కణ్ణుంచి పైకి పొమ్మంటే పోయేది కాదు. నూనెలు, కాపడాలు, గూడూరు డాక్టరు సూదులు అన్నీ అయ్యాయి. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, మంచం పక్కన కూర్చుని ఓదార్చారు.

"దిగులు పడొద్దు సమాధానం. మన ప్రభువు కూడా వడ్రంగే కదా."

కాఫీ తెచ్చిన మేస్త్రి భార్య రెబెక్కమ్మ గ్లాసు పాస్టరుగారి చేతికిస్తూ అంది: "అందుకే గదయ్యగారూ, ఆయన ముప్పయ్యేళ్లకే ఉలి కింద పెట్టేసినాడు. ఈయన అరవై దాటినా పెట్టనంటాడే."

పాస్టరుగారికి కాఫీ పొలమారింది. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కానీ మంచం కొద్దిగా ఊగింది. నవ్వుతున్నాడని రెబెక్కమ్మకు తెలుసు.

ఇక కొట్టు ఎవరికన్నది ప్రశ్న. ఉన్న ఒక్క కూతురు కరుణాకుమారి కోవూరులో టీచరు. అల్లుడికి సుత్తి ఇస్తే గోడకు కొట్టబోయి బొటనవేలికి కొట్టుకునే రకం. సంఘంలో పెద్దలు తలా ఒక మేనల్లుణ్ణి చూపించారు. ఎవరూ కుదరకపోతే "దేవుడే చూపిస్తాడు" అన్నారు.

"ఆయన ఎప్పుడో చూపించినాడు. ఈ మనిషే చూడలా" అంది రెబెక్కమ్మ.

ఆమె అన్నది చెంగయ్య గురించి. పులికాటు ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల పిల్లవాడు. వల మీద మనసు పోక, కొయ్య మీద పోయి, మీసాలు రాకముందే ఈ కొట్టుకొచ్చాడు. పన్నెండేళ్లు పని నేర్చాడు, చేశాడు. వాడిది పుర్రచేతి వాటం. మేస్త్రి మొదట్లో ఉలి లాక్కుని కుడిచేతిలో పెట్టేవాడు. వాడు అటు తిరగ్గానే మళ్లీ ఎడమచేతికి మార్చుకునేవాడు. చివరికి మేస్త్రే విసుగెత్తి వదిలేశాడు.

అయిదేళ్ల కిందట బియ్యం వ్యాపారి కామాక్షయ్య కొత్తింటికి గడప చేయిస్తూ, పని చూద్దామని కొట్టుకొచ్చాడు. గడప మీద లతలు చెక్కుతున్నవాడి చెయ్యి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎడం చేత్తో చేసిన గడప నా కొంపకొద్దు. సమాధానం, ఇంకోటి నువ్వే చెయ్యి. ఏం, వినపడిందా?"

చెంగయ్య తలెత్తి మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి చెవిమీది పెన్సిలు తీసి, మొన చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. చెంగయ్య ఉలిని బల్లమీద పెట్టి, రెబెక్కమ్మతో పోయొస్తానని చెప్పి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. వారం తిరక్కముందే గడప కామాక్షయ్య ఇంటికి చేరింది. పసుపు, కుంకుమ పెట్టించుకుని నిలబడింది. ఆ సంగతి మేస్త్రి మళ్లీ ఎత్తలేదు. ఏ సంగతి ఎత్తాడు గనక?

ఇప్పుడు భుజం పట్టేశాక, ఒక పొద్దున కొట్లో ఎవరూ లేకుండా చూసి, మేస్త్రి చిత్రికను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. ఇంతకాలం చేసిన పనే కదా, చెయ్యి మారితే ఏమని.

బల్లకు అడ్డుకొయ్య ఎడమ చివర ఉంది. కుడిచేత్తో తోస్తే పలక దానికి ఆనుకుని నిలబడుతుంది. ఎడమచేత్తో తోస్తే దాన్ని ఆపే దిక్కు లేదు. పలక జారిపోయి బంక డబ్బాను తన్ని కింద పడింది. పోనీ గీతలు గీద్దామంటే, కిటికీ ఎడమ పక్కనుంది. చేతి నీడ సరిగ్గా గీత మీదే పడి గీత కనబడలేదు. రంపం పట్టుకుంటే మోచెయ్యి గోడకు తగిలింది. కొట్టు కొట్టంతా ఏకమై ఆయన మీద పగబట్టినట్టుంది.

కాళ్లకు బంక అంటుకుని నిలబడ్డ మేస్త్రి పైకే అన్నాడు: "ఈ బల్ల మీదనా వాడు లతలు చెక్కింది?"

వెనక వాకిట్లో బియ్యం చెరుగుతున్న రెబెక్కమ్మ చేట దించింది. ఎవరూ అడక్కుండా ఆ మనిషి మాట్లాడి ఎన్నాళ్లయిందో.

మేస్త్రి అడుగులో అడుగు వేసి ఎదుటి గోడ దాకా వెళ్లి, అటువైపు తిరిగి నిలబడ్డాడు. కిటికీ ఇప్పుడు కుడి పక్కకొచ్చింది. బల్లను ఉన్నదున్నట్టు ఇక్కడికి జరిపితే అడ్డుకొయ్య కూడా కుడి చివరకే వస్తుంది. చెయ్యాల్సిందల్లా బల్లను నాలుగు అడుగులు జరపడం. ఇన్నేళ్లూ ఆ గోడకు దుంగలు పేర్చి పెట్టాడు.

బండివాళ్లను పిలిచి దుంగలు తీయించి, చింతమాను బల్లను ఎదుటి గోడకు చేర్పించాడు. ఎందుకని వాళ్లు అడిగారు. చెప్పలేదు. మర్నాడు చొక్కా తొడిగించుకుని, పులికాటు ఒడ్డుకు పోవడానికి తడ రైలెక్కాడు.

చెంగయ్య ఒడ్డున పడవకు మేకులు కొడుతున్నాడు. మేస్త్రిని చూసి సుత్తి పెట్టి లేచాడు.

"ఏంది మేస్త్రీ, ఇంత దూరం వచ్చినావు? అమ్మ బాగుండాదా?"

"ఉండాది."

"నీ భుజం సంగతి విన్నాలే."

మేస్త్రి పడవ అంచు మీద కూర్చున్నాడు. రైల్లో కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మిగిలింది ఇదొక్కటే: "బల్ల జరిపించినా."

"యాడికి?"

"ఎదుటి గోడకి."

చెంగయ్య కళ్లు మూసుకున్నాడు. ఎడమచెయ్యి గాలిలో ముందుకు తోసింది. చిత్రిక పట్టినట్టే. కళ్లు తెరిచి నవ్వాడు. "బో కుదురుగా ఉంటాదే."

"వచ్చేయ్. కొట్టు నీకే."

చెంగయ్య నవ్వు తగ్గింది. "నాకీడ పని బాగుండాది మేస్త్రీ. పడవకి రెండు పక్కలుంటాయి గదా. కుడిచేతోళ్ల సుత్తి ఆడని చోటికి నన్ను పిలుచుకోని పోతారు. ఆడికొస్తే మళ్లా ఎవురో ఒకరు అడుగుతారు, ఆ దినం మాదిరి. అప్పుడేం చెప్తావు?"

మేస్త్రి నీళ్లవైపు చూశాడు.

"చూసినావా" అన్నాడు చెంగయ్య, కోపం లేకుండానే. "సరే, బల్ల చూడ్డానికైతే వస్తా. ఉండేదీ లేనిదీ తర్వాత."

శనివారం వచ్చాడు. రెబెక్కమ్మ పెట్టిన పులుసన్నం తిని, బల్ల దగ్గర నిలబడి, ఒక టేకు పలక తీసి ఎడమచేత్తో చిత్రిక పట్టాడు. పొట్టు సన్నగా, పొడుగ్గా, ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ లేచింది. వాడు ఇంకో పలక తీశాడు. అవసరం లేకపోయినా మూడోది తీశాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో కామాక్షయ్య.

"ఏం సమాధానం, కొట్టు తిరగబడిందే? మిల్లుకి తలుపులు చేయిద్దామని వచ్చినా." అంతలో బల్ల దగ్గర చెయ్యి కనబడింది. "వీడు ఆ పుర్రచెయ్యోడు గదా? శుభమా అని నేనొస్తే మళ్లా వీడేనా? ఏమయ్యా?"

చెంగయ్య చిత్రిక ఆపాడు. వెనక గుమ్మంలో రెబెక్కమ్మ నిలబడిపోయింది.

మేస్త్రి అలవాటు కొద్దీ చెవిమీది పెన్సిలు కోసం కుడిచెయ్యి ఎత్తాడు. చెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తబోయాడు. లేవలేదు. పెన్సిలు చెవిమీదే ఉంది. ఇక నోరు తెరవడం తప్ప దారి లేకపోయింది.

"సెట్టిగారూ, మీ ఇంటి గడప ఎట్టా ఉండాది?"

"దానికేంది, మహారాజులా ఉండాది. అది నిలబెట్టిన వేళ అట్టాంటిది. మిద్దె లేచింది, మనవడు పుట్టినాడు, ఇప్పుడు మిల్లు. నీ చెయ్యి మంచిదయ్యా."

"నా చెయ్యి కాదు. వాడిది. ఎడంది."

కామాక్షయ్య నోట్లో వక్క ఆగింది. "ఇంకోటి చేస్తానంటివే?"

"నేననలా. మీరు చెయ్యమన్నారు. నేనేం చెప్పలా. గోతాం కింద నాలుగు దినాలు పెట్టి, దాన్నే పంపించినా."

ముందు పగలబడి నవ్వింది చెంగయ్యే. బల్లమీద చెయ్యి ఆనించి, పొట్టులో కూలబడ్డాడు. రెబెక్కమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కామాక్షయ్య మాత్రం నవ్వలేదు. ఆయన వ్యాపారి, లెక్క చూసుకుంటున్నాడు. గడప పెరికించాలంటే దాన్ని దాటి వచ్చిన మిద్దె, మనవడు, మిల్లు ఏమవుతాయో? లెక్క తేలింది.

"అయితే మిల్లు తలుపులు గూడా ఆ చేత్తోనే చెయ్యమను" అన్నాడు. తమలపాకులో రూపాయి పెట్టి, "బయానా మాత్రం కుడిచేత్తో తీసుకోమను."

చెంగయ్య కుడిచెయ్యి పంచెకు తుడుచుకుని, మర్యాదగా చాపి తీసుకున్నాడు.

సెట్టి వెళ్లాక అన్నాడు: "ఇన్నేళ్లు ఈ మాట కడుపులో ఎట్టా పెట్టుకున్నావు మేస్త్రీ?"

"ఎవురడిగినారు?"

"నేనడిగినా" అంది రెబెక్కమ్మ. "ఏడాదికోసారి."

కొట్టు చెంగయ్యదయింది. పేరు మార్చలేదు. గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసి పెద్దాయన్ని కూర్చోబెట్టాడు. ఎవరేమడిగినా పొట్టులోంచి తలెత్తకుండా "మేస్త్రిని అడగండి" అనేవాడు. మొదటి నెల జనం జాలిపడ్డారు. ఏడాది తిరిగేసరికి భయపడ్డారు. తలుపు ఎప్పటికిస్తారని అడిగినవాడికి మేస్త్రి ఆ కొయ్య ఏ కొండదో, దాన్ని ఎప్పుడు కొట్టారో, ఎన్నాళ్లు ఆరబెట్టారో, ఏ చేత్తో ఎందుకు చెక్కాలో అన్నీ విప్పి చెప్పేవాడు. గేటు దగ్గర రైలు కూత పెట్టి వెళ్లిపోయేది. అడిగినవాడు మాత్రం అక్కడే నిలబడి ఉండేవాడు.