మొగిలయ్య వేలు

మొగిలయ్యకు బెల్లు కనబడితే వేలు ఆగదు. నొక్కుతాడు, వెంటనే చేతిగడియారం చూసుకుంటాడు. కొండాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంటులో ఆయన నొక్కని కాలింగ్ బెల్లు లేదు. పాపం ఎవరో పరుగున వచ్చి తలుపు తీస్తే, "నలభై సెకండ్లు. పర్వాలే" అనేసి వెళ్లిపోతాడు.

అడిగినా అడగకపోయినా ఒక మాట మాత్రం చెబుతాడు. "ముప్పై నాలుగేండ్లు బడిగంట కొట్టిన. ఒక్కనాడు నిమిషం తప్పలే. కలెక్టరు సారు శాలువ కప్పిండు!"

అలాంటివాణ్ని, అదే అపార్ట్‌మెంటులో ఉండే దేవిశ్రీ ఏరికోరి తన ఆఫీసుకు పిలిచింది. మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే కేంద్రాల్లో ఏది మంచిదో చెప్పే యాప్ ఆమెది. శుక్రవారం విడుదల. ముసలివాళ్లకు అర్థమవుతుందో లేదో చూడాలి.

లోపలికి వస్తూనే గోడమీది ఎర్ర బటన్ నొక్కాడు. ఇంకేముంది, తొమ్మిది అంతస్తుల జనం మెట్లమీద పడ్డారు.

"అయ్యో తాతగారూ! అది ఫైర్ అలారం అండీ!" దేవిశ్రీ పరుగున వచ్చింది.

"ఏడు నిమిషాలు పట్టింది బిడ్డా. జర జల్ది దిగాలె."

అందరూ తిరిగి పైకి వచ్చాక యాప్ చూపించింది. ముప్పై రెండు రంగుల పట్టీలు, శాతాలు, స్టార్లు. మొగిలయ్య అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల తుడుస్తున్న భూలక్ష్మిని కేకేశాడు. ఆమె పొద్దున ఆయన అపార్ట్‌మెంటులోనూ పనిచేస్తుంది. బోరబండలో తల్లికి పక్షవాతం. సోమవారంలోగా ఎక్కడో ఒకచోట చేర్చాలి.

"దీంట్ల నీకేమన్న సమజైందా?"

"నాకు సదువేడిది కాకా?"

"మరి ఇది ఎవరి కోసం బిడ్డా?" అంటూ మొగిలయ్య దేవిశ్రీ వైపు తిరిగి, జేబులోంచి నలిగిన నోటుబుక్కు తీశాడు. "ఈ భూలక్ష్మి తల్లి కోసం పదకొండు జాగలు తిరిగిన. నాకే బిమారని చెప్పి మంచమెక్కి బెల్లు నొక్కిన. గీ అయిదు స్టార్లది సూడు. నలభై నిమిషాలు! ఎవ్వలు రాలే. నేనే లేసొచ్చిన. నార్సింగిల రెండు స్టార్లదాన్ల నిమిషమున్నరకే ఉరికొచ్చిండ్రు. ఇంతకూ గీ స్టార్లు ఎవలిచ్చిండ్రు?"

"వాళ్లు... ఆ కేంద్రాలవాళ్లే పంపిన వివరాలండీ."

దేవిశ్రీ యాప్ మళ్లీ మొదటినుంచి తిప్పి చూసింది. ముప్పై రెండు పట్టీల్లో ఒక్కటీ ఈ లెక్క చెప్పలేదు!

శుక్రవారం విడుదల ఆగింది. శనివారానికి తెరమీద ఒకే ఒక పెద్ద గంట బొమ్మ మిగిలింది. నొక్కితే, మొగిలయ్య నోటుబుక్కు లెక్క ప్రకారం అన్నిటికన్నా త్వరగా ఎక్కడ, ఎంతసేపట్లో మనిషి వస్తాడో గొంతు చెబుతుంది. మొదట భూలక్ష్మి నొక్కింది.

"నార్సింగి. నిమిషమున్నర."

"మా అమ్మను ఆడనే చేరుస్త కాకా!" ఆమె మొహం వెలిగిపోయింది.

మొగిలయ్య మాత్రం గడియారం మీదినుంచి తల ఎత్తలేదు.

"పలకనీకి నాలుగు సెకండ్లు పట్టింది. జర లేటే."