పెట్టె బండికి సెల్ఫ్ మోటారు

ఆ రోజుల్లో కరెంటు బండి అంటే మా తిరువళ్ళూరులో అందరికీ తెలిసింది ఒక్కటే, మద్రాసు నుంచి వచ్చే ఎలక్ట్రిక్ రైలు. ఇప్పుడు మా వీధి పాలవాడికి కూడా బ్యాటరీ స్కూటరు ఉంది. రాత్రి ప్లగ్గులో పెడతాడు, పొద్దున ఎక్కి చప్పుడు లేకుండా పోతాడు. అతన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, వెంటనే వెన్నులో కాస్త చలి కూడా పుడుతుంది. ఎందుకంటే ఈ ఊళ్ళో బ్యాటరీ బండిని అందరికంటే ముందు రోడ్డెక్కించినవాణ్ణి నేనే. (ఇంతవరకూ ఎవరూ నాకు శాలువా కప్పలేదు. ఎందుకు కప్పలేదో చదివాక మీరే ఒప్పుకుంటారు.) అది స్కూటరు కాదు, సైకిలూ కాదు. మా చర్చి వాళ్ళ పెట్టె బండి, అంటే శవపేటికను సమాధుల తోటకు తోసుకుపోయే నాలుగు చక్రాల బండి. మోటారు పెట్టాక దాని మీద వెళ్ళిన మొదటి మనిషి, ఆఖరి మనిషి కూడా, మా తాత.

నేనప్పుడు ఒక మోటారు వైండింగు షాపులో పనిచేసేవాణ్ణి. వెంగల్ వైపు పొలాల్లో కాలిపోయిన పంపుసెట్లు ఎడ్లబండ్ల మీద వచ్చేవి. వాటిలోంచి మాడిన రాగితీగ పీకి కొత్తది చుట్టడం నా పని. నాలుగు మోటార్లు చుట్టేసరికి కరెంటు గురించి నాకు తెలియనిది లోకంలో లేదన్న ధీమా వచ్చేసింది. మా తాత ఫ్యాక్టరీలో మూటలు మోసి రిటైరై, తర్వాత చర్చి పెట్టె బండిని చూసుకునేవాడు. చక్రాలకు నూనె పెట్టడం, నల్లగుడ్డ ఉతికి ఆరెయ్యడం, తెగిన స్పోకులు మార్చడం అంతా ఆయనే. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ళ కొడుకులు బండి వెనక ఉన్న కమ్మీని పట్టుకుని తోయాలి, పెద్దవాడు ఎడమ పక్క, చిన్నవాడు కుడి పక్క. కొడుకులు లేనివాళ్ళకు తాతే వెళ్ళి తోసేవాడు. తిరుత్తణి నుంచి పని కోసం వచ్చి ఇక్కడ దిక్కులేకుండా పోయినవాళ్ళను కూడా ఆయనే తోసుకుపోయి, ఇంటికొచ్చి, స్నానం చేసి, ఆ పూట అన్నం తినకుండా పడుకునేవాడు.

తాతకు ఇద్దరు కొడుకులు, మా నాయన, మా చిన్నాయన. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే షిఫ్టు. సమ్మె వచ్చినప్పుడు నాయన గేటు బయట కూర్చున్నాడు. చిన్నాయన బిడ్డకు ఒళ్ళు బాగాలేదు, ఆస్పత్రికి డబ్బు పెట్టాలి. ఆయన వెనక గేటులోంచి లోపలికి పోయి పనిచేశాడు. చివరికి సమ్మె ఓడిపోయింది, నాయన పని పోయింది, చిన్నాయనకు బిడ్డా దక్కలేదు. ఆ బిడ్డను మోసిన బండి మీద మా నాయన చెయ్యి పడలేదు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురు ఇళ్ళు, ఒకే కొళాయి, అయినా ఒకరు వీధిలోకొస్తే ఒకరు తలుపేసుకునేవారు. చర్చిలో ప్రభు భోజనానికి కూడా ఒకరు వెళ్ళొచ్చి కూర్చున్నాకే ఇంకొకరు లేచేవారు.

తాతకు కడుపులో గడ్డ అని మద్రాసు పెద్దాస్పత్రిలో చెప్పి పంపేశారు. వచ్చిన మర్నాడే నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"ఒరేయ్ అబ్బోడా, నువ్వు మోటార్లు సుట్టేవోడివి గదా. మన పెట్టె బండికి ఒక మోటారు పెట్టల్ల రా."

"ఎందుకు తాతా?"

"ఎందుకా? రేపు నేను పోతే ఒగడు కమ్మీ పట్టుకుంటే ఇంగొగడు పట్టుకోడు. ఇద్దురూ దూరంగా నిలబడి ఆకాశం జూస్తా ఉంటారు. ఊరంతా నవ్వుతాది. అంత మానం పొయ్యేదాని కన్నా ఎవుడి చెయ్యీ వొద్దు నాకు. మోటారు పెట్టు, నేనే పోతా."

"అయ్యో కడవులే, దేవుడా! మనిషి బతికుండంగానే ఏం మాటలివి?" అని మా అవ్వ నెత్తి కొట్టుకుంది.

"సుమ్మా ఉండవే. పనోళ్ళం మాట్లాడుకుంటా ఉండాము," అన్నాడు తాత.

పనోళ్ళం అన్న ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. చావబోయే మనిషి ముందు ఏడవాల్సింది పోయి, సంతోషంతో చెవులు ఎర్రబడిపోయాయి నాకు. (ఇరవై ఏళ్ళ వయసు అలాంటిది. మీరూ ఆ వయసు దాటే వచ్చి ఉంటారు.)

మద్రాసు పుదుపేట పాత సామాన్ల కొట్లలో తిరిగి తిరిగి, లారీ స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు ఒకటి పట్టుకొచ్చాను. అది లారీ ఇంజన్ను ఒక్క క్షణం తిప్పి ఊరుకోవాల్సిన మోటారు, ఊరేగింపులకు పనికొచ్చే రకం కాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా దాన్ని సైకిలు చైనుతో వెనక ఇరుసుకు బిగించి, పెట్టె కింద లారీ బ్యాటరీ కట్టి, పళ్ళచక్రాలు మార్చి మార్చి వేగం నడకకు దించాను. కమ్మీ పక్కన స్విచ్చి పెట్టాను. వేస్తే పోతుంది, ఆపితే ఆగుతుంది, నడుమ ఇంకేమీ లేదు. అక్కడితో ఊరుకోకుండా ఒక హారను కూడా పెట్టాను. తాత మంచంలోంచే అది విని, "హారనెందుకురా? సచ్చినోడికి యాడికి అర్జెంటు?" అన్నాడు. హారను పెట్టిన నేను బ్రేకు పెట్టలేదు. స్విచ్చి ఆపితే చాలు కదా అనుకున్నాను.

మా పాస్టరు అయ్యగారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని, "మోటారు పెట్టకూడదని బైబిలు వాక్యంలో ఎక్కడా లేదు," అని ఒప్పుకున్నారు. పరీక్ష చేసే రోజున తాత తనే ఎక్కి పడుకుంటానన్నాడు. అవ్వ తలుపుకు అడ్డం నిలబడింది. అందుకని ఆయన బదులు రెండు వడ్లమూటలు ఎక్కించాం. బండి చర్చి ఆవరణలో పెళ్ళికూతురు నడిచినట్టు మెల్లగా పోయింది. కిటికీలోంచి చూసిన తాత చెయ్యెత్తి "సరి, సరి" అన్నాడు. లోపల ఆయనకు నొప్పి ఎంతుందో నాకు తెలియదు. నేను మాత్రం ఆయన బాగా సంతోషపడ్డాడనే అనుకున్నాను.

ఆ తర్వాత తాత చాలా రోజులే బతికాడు, కానీ తిండి లేదు. మొదట అన్నం పోయింది, తర్వాత గంజి, తర్వాత నీళ్ళు. మూటలు మోసిన మనిషిని అవ్వ ఒక్కతే ఎత్తి పక్కకు తిప్పేది. తాత పోయిన రోజు ఉదయం నాయన తలవైపు, చిన్నాయన కాళ్ళవైపు కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. పెట్టెలో పెట్టాక, బండి దగ్గర, తాత చెప్పినట్టే జరిగింది. అందరూ కమ్మీని చూశారు, కమ్మీ దగ్గరికి ఎవరూ రాలేదు. నాయన చెట్లను చూస్తున్నాడు, చిన్నాయన చెప్పులను చూస్తున్నాడు. అవ్వ మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అయ్యగారు దగ్గి నావైపు సైగ చేశారు. నేను ముందుకొచ్చి స్విచ్చి వేశాను, తాత తనంతట తానే బయల్దేరాడు. "అయ్యో, ఇట్లా ఒంటిగా పోతా ఉండావే!" అని ఎవరో ఆడమనిషి గట్టిగా ఏడ్చింది. నాకు ఆ ఏడుపు వినపడలేదు, చైను చప్పుడే వినపడింది.

రైల్వే గేటు పడింది. తిరుత్తణి వైపు పోయే రైలు వెళ్ళేదాకా, పాడుకుంటూ వస్తున్న కీర్తన ఆపి నిలబడ్డాం. గేటు లేచింది. పట్టాల దగ్గర రోడ్డు మిట్టగా ఉంటుంది. బండి ఎక్కలేక మూలిగింది, వైర్లు వేడెక్కి వాసనొచ్చింది, చివరికి ఎక్కేసింది. ఎక్కాక స్విచ్చి ఆపాను. బండి ఆగలేదు. మళ్ళీ వేసి మళ్ళీ ఆపాను. అప్పటికీ ఆగలేదు. మిట్ట ఎక్కేటప్పటి వేడికి స్విచ్చిలో రాగిరేకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అవతల సమాధుల తోట దాకా అంతా దిగుడే. ఆ రకం మోటారుకు బరువుంటే నిదానం, బరువు తగ్గేకొద్దీ పరుగు. వడ్లమూటలతో నడిచిన బండి తాతతో పరుగెత్తింది. ఆయన ఎంత తేలికైపోయాడో మా అందరికంటే ముందు ఆ మోటారుకే తెలిసినట్టుంది.

"ఏయ్ తంబీ, వండియ నిరుత్తు!" అని గేటు మనిషి ఆపమని అరుస్తున్నాడు. ఆపడమెలాగో తెలిస్తే ఆపనా? పాడేవాళ్ళు బైబిళ్ళు చంకలో పెట్టుకుని పరుగు, అయ్యగారు అంగీ ఎత్తిపట్టుకుని పరుగు, ఎదురుగా వస్తున్న సైకిలాయన సైకిలుతో సహా చేలోకి దూకేశాడు. నేను బండి పక్కన పరిగెడుతూ, ఏం చెయ్యాలో తోచక, హారను కొట్టాను.

అందరినీ దాటుకుని నాయన వచ్చి కమ్మీ ఎడమ పక్క పట్టుకుని వెనక్కి లాగాడు. ఒక్క పక్కే లాగేసరికి బండి ఎడమకు తిరిగి నేరుగా కాలవ వైపు మళ్ళింది. పెట్టె కదిలింది, పూలదండ జారి కింద పడింది. ఇంకొంచెం పోతే తాత మురుగు కాలవలో ఉంటాడు.

"ఒరేయ్ సిన్నోడా!" అని నాయన అరిచాడు. ఆ పేరు ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో. "ఆ పక్క పట్టుకోరా! నాయన పడిపోతాడు రా!"

"పట్టుకుంటా ఉండా! నువ్వు ఇడిసి పెట్టొద్దు న్నా!"

చిన్నాయన కుడి పక్క కమ్మీ మీద పడ్డాడు. ఒక చెప్పు ఎటో పోయింది, మోకాలు రోడ్డుకు రాసుకుని నెత్తురొచ్చింది, అయినా వదల్లేదు. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి లాగితే బండి తిన్నగా అయి నడకకు దిగింది. నేను కిందికి దూరి బ్యాటరీ వైరు పట్టుకుని పీకేశాను. మోటారు ఆగింది. చేతి చర్మం కాస్త వైరుకే ఉండిపోయింది.

ఇద్దరూ కమ్మీని పట్టుకునే నిలబడి రొప్పుతున్నారు. నేను కాలిన చేత్తో వైరు పట్టుకుని, ఎంత వెధవనో చూడండి, "నాయనా, వైరు మళ్ళా తగిలించేదా?" అని అడిగాను.

"నోరు మూసుకోని నడవరా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పుడే వెనకనుంచి వచ్చి చేరిన అవ్వ, ఆ రెండు గొంతులూ కలిసి వినపడగానే రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. పొద్దున్నుంచి ఆమె కంట చుక్క రాలేదు. నాయన ఎడమ పక్క, చిన్నాయన కుడి పక్క, తోట దాకా తోసుకుపోయారు. దిగుడు కాబట్టి తొయ్యాల్సిన పని లేదు, ఇద్దరూ పట్టుకుని నడిచారంతే.

ఆ తర్వాత కలిసిపోయారా అని నన్ను చాలామంది అడిగారు. లేదు. మట్టి వేసి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు. కొన్నాళ్ళకు నాయన అన్నం తింటూ, నా మొహం చూడకుండా, "మీ చిన్నాయనకి మోకాలు మానిందంటనా?" అని అడిగాడు. మానిందన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకు అందులో ఏమీ వింతగా అనిపించలేదు. ఆ వారమంతా నేను చేతికి కట్టు కట్టుకుని, తాత అడిగిన ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేకపోయానే అని కుమిలిపోతూ, ఆ బండికి బ్రేకు ఎక్కడ పెడితే బాగుంటుందా అని సిమెంటు నేల మీద సుద్దముక్కతో బొమ్మలు గీస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నేనూ తాత వయసుకు వచ్చాను, నాకూ ఇద్దరు పిల్లలు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. "ఎవుడి చెయ్యీ వొద్దు నాకు" అని తాత అంటే, ఆయనకు కావాల్సింది మోటారేనని నిజంగా నమ్మేశాడు, పాపం.