లివరు ముట్టుకోనివ్వని చినబాబు

చినబాబు బావ మంచివాడే. కానీ ఆయన చేతికి బండి రిపేరుకిచ్చిన మనిషికి బీపీ రాకుండా ఉండదు. ఒకప్పుడు అంతర్వేది పక్క రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసేవాడు, ఇప్పుడు కువైట్‌లోని షువైఖ్‌లో కార్ల గ్యారేజీలో పని. అక్కడే రిగ్గైలో నాదీ ఆయనదీ ఒకటే గది. చుట్టరికం ఏమీ లేదు. గోదావరి వాళ్లం కాబట్టి బావ అయిపోయాడు.

ఆయనకో నియమం ఉంది. తన చెయ్యి పడ్డ వస్తువును పని అయ్యేదాకా ఇంకొకడు ముట్టుకోకూడదు. ఊళ్లో మోటారు విప్పేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఒక్కసారి మరిచిపోయాడు. గట్టు మీద ఎవడో స్విచ్చేశాడు. ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఇప్పుడు టీ కాచినా స్టవ్వు దగ్గరికి ఎవర్నీ రానివ్వడు. మా ప్రాణాలు తోడేస్తాడు.

మొన్న శుక్రవారం నా డెలివరీ బండి ముందు బ్రేకు మెత్తబడింది. ఎంత నొక్కినా బండి ఆగదు. బ్రేకు ఆయిలు గొట్టంలో గాలి చేరింది, తీయాలన్నాడు బావ. మా సూపర్‌వైజర్ మహమ్మద్ గౌస్, హైదరాబాదు మనిషి, ఫోన్‌లో ముందే చెప్పేశాడు.

"జుమ్మా నమాజు ఐనంక పాయింట్ మీద లేకుంటే ఖలాస్ భాయ్. బండి వేరేటోనికి ఇచ్చేస్త."

బండి పోతే నేను గదిలో గోళ్లు గిల్లుకోవడమే.

బిల్డింగ్ వెనక నీడలో పని మొదలైంది. బావ ముందు బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. బ్రేకుకీ తాళానికీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి! చక్రం దగ్గరి స్క్రూకి సన్నటి ట్యూబు తగిలించి, రెండో కొసకి వాక్యూమ్ పంపు పెట్టి, స్క్రూ కాస్త వదులు చేసి చేత్తో నొక్కడం మొదలెట్టాడు. పాత ఆయిలు బుడగలతో సహా ట్యూబులోకి వచ్చింది. పైన హ్యాండిలు మీది డబ్బాలో కొత్త ఆయిలు పోయడం నా పని.

"బ్రేకు లివరు ముట్టుకోకు. పంపే లాగుద్ది."

పోశాను. నొక్కాడు. బుడగలు. మళ్లీ పోశాను, మళ్లీ బుడగలు. సీసా అడుగంటింది. మసీదు మైకులో నమాజుకి ముందు ప్రసంగం మొదలైంది.

"చాల్లే బావా, ఇచ్చెయ్. నెమ్మదిగా పోతాను."

"బుడగలొత్తన్నాయి కదరా! గాలున్న బ్రేకుతో ఎలా పంపేది?"

"ఇంకా గాలేంటి బావా? అది బ్రేకా, బెలూనా?"

ఒళ్లు మండిపోయింది. ఆయన స్క్రూ బిగించి చెమట తుడుచుకుంటుంటే లివరు పట్టి నొక్కేశాను. రాయిలా గట్టిగా ఉంది! నా చేతి మీద ఒక్కటి వేసి, తనూ నొక్కి చూశాడు. వంగి స్క్రూని చూశాడు. మొహం చిన్నబోయింది.

"స్క్రూ మర సందులోంచి పంపు బయటిగాలి లాగేత్తందిరా. గొట్టంలో గాలి ఎప్పుడో పోయింది."

"అంటే పొద్దుట్నించీ కువైట్ గాలంతా తోడామా? లివరు ఒక్కసారి ముట్టుకోనిస్తే తెలిసేది కదా! నీ నియమం తగలెయ్య!"

నమాజు అయి జనం బయటికొస్తున్నారు. జేబులో ఫోన్ మోగుతోంది, గౌసే. తాళం అడిగితే బావ ఇవ్వలేదు. తనే బండెక్కాడు, హెల్మెట్ కూడా లేకుండా. పార్కింగ్ చివరిదాకా పోయి, తిప్పుకుని, జోరుగా నేరుగా గోడ మీదికి వచ్చాడు. టైరు కీచుమంది. బండి గోడకి జానెడు ఇవతల ఆగింది.

"నీకేమైనా పిచ్చా బావా? ఆగకపోతే?"

"ఆగకపోతే గోడకి గుద్దుకునేది నేనే కదరా. రోడ్డు మీద నువ్వు గుద్దుకునే కంటే నయం."

మిగిలిన మూడు వేళ్లతో తాళం నా చేతిలో పెట్టాడు. ఫోనెత్తి వస్తున్నానన్నాను. పది మాటలు తిట్టి, జల్దీ రమ్మన్నాడు గౌస్.

మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కితే బండి ఠక్కున ఆగింది, నాకు ఏడుపొచ్చింది.