పొయ్యి నా చార్జిలో ఉండగా

కువైట్‌లో జహ్రా దాటాక తారురోడ్డు ఎడమకు తిరుగుతుంది. మా కఫీల్ బండి, అంటే నాకు పనిచ్చిన యజమానిది, తిరగలేదు. నేరుగా ఇసుకలోకి దిగి, కరెంటు స్తంభాల వరస వెంట ఇరవై నిమిషాలు పోయింది. నవంబరు చివరి వారం, మధ్యాహ్నం రెండున్నర. ఎండ ఉంది, వేడి లేదు. ఉత్తరపు గాలి. చెట్టు లేదు, గుట్ట లేదు, ఆనుకుని కూర్చోడానికి ఒక బండ కూడా లేదు. రాయచోటి వైపు పుట్టినవాడికి రాయి లేని నేల చూస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

క్యాంపు అంటే తీగ కంచె, మూడు డేరాలు, నీళ్ల ట్యాంకు, జనరేటరు, మధ్యలో ఒక చెక్క గది. చలికాలం రాగానే కువైటీలు ఇలా ఎడారిలో డేరాలు వేసుకుంటారు. శుక్రవారం వస్తారు, మాంసం కాల్చుకుంటారు, పోతారు. మా కఫీల్ తల్లి అలా వచ్చిపోయే మనిషి కాదు. ఆమె పుట్టిందే డేరాలో. మార్చి దాకా ఇక్కడే ఉంటానని పట్టుబట్టింది. ఎనభై దాటాయి, మోకాళ్లు పనిచేయవు. అందుకే ఆ చెక్క గది, అందుకే ఒక వంటామె, అందుకే నేను.

ఊళ్లో మీరంతా నన్ను మిలిటరీ అంటారు. హవల్దారుగా రిటైరయ్యాను. కువైట్‌లో నాకు అన్నం పెట్టింది కూడా ఆ మాటే. పనికి కుదుర్చుకుందామని రిగ్గైలో నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కఫీల్ అడిగింది ఒక్కటే. “అస్కరీ?” సైనికుడివా అని. అవునన్నాను. మీసం కూడా దువ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మీసం గొరిగేసుకోవాలనిపిస్తుంది.

ఆర్డర్లు మూడు. కంచె కాపలా. జనరేటరుకు డీజిలు. గదిలో పొయ్యి. మూడోది చెప్పేటప్పుడు ఆయన నా భుజం పట్టుకున్నాడు. అంతకు ముందు చలికాలం ఎవరో డేరా మూసుకుని, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే తెల్లారి లేవలేదట. అది విన్నాక ఈయన ఎక్కడినుంచో మంచి పొయ్యి తెప్పించాడు. “మా అమ్మ నీ చేతుల్లో ఉంది” అన్నాడు హిందీలో. సెల్యూట్ కొట్టాను.

పొయ్యి చిన్నది, మన బియ్యం డబ్బా అంత. నల్ల ఇనుము, ముందు గాజు తలుపు, వెనక నుంచి కప్పు దాటి పోయే గొట్టం. లోపల పైభాగంలో తేనెపట్టులా చిల్లులున్న బిళ్ల ఒకటి ఉంటుంది. కట్టె పొగ ఆ చిల్లుల్లోంచి పోతూ మళ్లీ మండుతుంది. అందుకే నాలుగు కట్టెలు వేస్తే తెల్లవార్లూ వెచ్చగా ఉంటుంది, గొట్టం పైన పొగ కనపడదు. పక్కన ఒక పిడి ఉంటుంది. రాజేసేటప్పుడు పిడి లాగి ఉంచితే పొగ నేరుగా గొట్టంలోకి పోతుంది. వేడి చూపే ముల్లు గీత దాటాక పిడి నెడితే పొగ బిళ్లలోకి మళ్లుతుంది. మళ్లీ కట్టె వేయాలంటే ముందు పిడి లాగి, కాసేపు ఆగి, అప్పుడు గాజు తలుపు తీయాలి. లాగకుండా తీస్తే పొగంతా గదిలోకే వస్తుంది. ఇంతే విద్య. ఎవరికైనా పది నిమిషాల్లో నేర్పొచ్చు.

నేను నేర్పలేదు. “పొయ్యి నా చార్జి. నువ్వు చెయ్యి పెట్టాకు” అన్నాను వంటామెతో. ఆమె సరేనంది.

నేర్పాలంటే ఆ గదిలో తలుపు మూసుకుని కూర్చోవాలి. అది నావల్ల కాదు. కాశ్మీరు కొండల్లో మా పోస్టులో కిరోసిన్ బుఖారీ పొయ్యి ఉండేది. ఒకసారి దాని గొట్టం మంచుకు మూసుకుపోయి, బంకర్లో పడుకున్న వైర్‌లెస్ ఆపరేటర్ నిద్రలోనే పోయాడు. ముందురోజు సాయంత్రం నాతో, “ఉస్తాద్, ఆజ్ అచ్ఛీ నీంద్ ఆయేగీ” అన్నాడు. ఈ రోజు బాగా నిద్రపడుతుందని. పొద్దున మోసినవాళ్లలో నేనొకణ్ణి. చనిపోయిన మనిషి ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అప్పటి నుంచి మూసిన గదిలో నిప్పుంటే నాకు ఊపిరాడదు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. మిలిటరీ పొయ్యికి భయపడతాడని ఎలా చెప్పను?

అందుకని గది తలుపు బార్లా తీసిపెట్టి కట్టెలు వేసేవాణ్ణి. పెద్ద మామా “బర్ద్! బర్ద్!” అని చలికి తిట్టేది. వంటామె కఫీల్ భార్యను మామా, అంటే అమ్మగారూ అనేది, ఈ ముసలామెను పెద్ద మామా అనేది. ముల్లు గీత దాటగానే పిడి నెట్టి బయటపడేవాణ్ణి. బయట గొర్రెతోలు ఫర్వా కప్పుకుని డబ్బా మీద కూర్చునేవాణ్ణి. “లోపలికొచ్చి కూర్చోండి అన్నయ్యగారూ, ఎముకలు కొరికేస్తంది చలి” అని వంటామె పిలిచేది. “డ్యూటీ” అనేవాణ్ణి. ఆ మాట ఎంత పెద్ద దుప్పటో నాకు తెలుసు, ఏమైనా కప్పుకోవచ్చు.

ఫోను సరిగా అందదని కఫీల్ రెండు వాకీటాకీలు ఇచ్చాడు. ఒకటి నా బెల్టుకు, ఒకటి ఆమె దగ్గర. ఆమెది కోనసీమ.

“అన్నయ్యగారండీ, టీ పెట్టేనండి. ఆయ్.”

“ఆయ్ కాదమ్మా, ఓవర్ అనల్ల. నీ మాట అయిపోయిందని నాకెట్ల తెలుస్తాది?”

“కేకేస్తే వినపడే దూరానికి ఇంత తతంగమేంటండీ బాబూ!”

“సెట్టు పట్టుకున్యాక పద్ధతి పద్ధతే.”

ఆమె నవ్వేది. ఎన్నిసార్లు చెప్పినా ఓవర్ అనేది కాదు. ఎడారిలో మాట్లాడేందుకు ఇంకో మనిషి లేక నేనూ రోజూ అదే పాఠం చెప్పేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం జహ్రా నుంచి చుట్టాలొచ్చారు. ఆడవాళ్లందరూ పెద్ద మామా చేతులు పట్టుకుని ఎంత బాగున్నావో అని పొగిడి పోయారు. ఆ తర్వాత ఆమె అన్నం ముట్టలేదు. మరుసటిరోజు పొద్దు గూకే ముందు వాన మొదలైంది, సూదులు గుచ్చినట్టుండే వాన. నేను ఫర్వా బయటి డేరాలో వదిలి, కట్టెలు వేయడానికి గదిలోకి పోయాను. పెద్ద మామా వణుకుతోంది. వంటామె తలుపు మూసేసింది. ముల్లు గీత దాటిందాకా తలుపుకు వీపు ఆనించి నిలబడి, పోయి పిడి నెట్టి, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాను.

“ఒక్క నిమిషం ఉండండి. ఆవిడకి దిష్టి తగిలిందండి. అందరి కళ్లూ ఆవిడ మీదే కదండీ నిన్న” అంది వంటామె. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు. పెద్ద మామాకు తన కళ్లు చూపించి సైగ చేసింది. “ఐన్” అంది పెద్ద మామా వెంటనే. దిష్టి నమ్మకం వాళ్లకూ ఉంది. బుద్ధిగా తల వంచి కూర్చుంది. వంటామె మూడుసార్లు తిప్పింది, తూ తూ అని ఊయించింది. ఇంట్లోనైతే పొయ్యిలో వేస్తారు. అక్కడున్న నిప్పు అదొక్కటే. నేను నోరు తెరిచేలోపే గాజు తలుపు లాగి గుప్పిట్లోది లోపల పడేసింది.

పిడి నెట్టి ఉంది. నేనే నెట్టాను.

పొగ ముద్దగా గదిలోకి వచ్చింది. వెనకాలే మిరపకాయల ఘాటు కోరు. కళ్లు పోయాయి, గొంతు మూసుకుపోయింది. నేను తలుపు తీసి పరుగెత్తాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఎవరినీ పిలవలేదు. కంచె దగ్గర తీగ పట్టుకుని ఆగాను. వాన ముఖం మీద కొడుతోంది. అప్పుడు బెల్టుకున్న సెట్టు మీద పచ్చ దీపం వెలిగింది.

“అన్నయ్యగారూ, పెద్ద మామా మంచం దిగబోయి పడిపోయారండి. నేనొక్కదాన్నీ లేపలేకపోతన్నాను. రండి.” ఒక దగ్గు. “ఓవర్.”

నా వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. కాళ్లకు కదలమని చెప్పాను, అవి కదల్లేదు. మళ్లీ దీపం వెలిగింది.

“వినపడతందా అండీ? ఓవర్.”

కాసేపటికి ఆమె గుమ్మంలో కనిపించింది. వంగిపోయి, వీపు మీద పెద్ద మామాను వేసుకుని, వానలో ఒక్కో అడుగే వేస్తూ డేరాలోకి తీసుకుపోయింది. ఇద్దరి కళ్ల నుంచీ ధారలు. అప్పుడు కదిలాయి నా కాళ్లు. పోయి పొయ్యి పిడి లాగాను. అంతా అయిపోయాక!

డేరాలోకి వెళ్తే పెద్ద మామా నా ఫర్వాలో కూర్చుని ఉంది. ఏమీ విరగలేదు. నేను నిలువునా తడిసి ఉండడం చూసింది. ఫర్వా తీసి నాకు కప్పబోయింది. “మిస్కీన్” అంది, అయ్యో పాపం అని.

వంటామె ముక్కు చీదుకుంటూ నవ్వింది. “ఇంత కోరొచ్చిందంటే పెద్ద మామాకి దిష్టే లేదండి. ఊరికే చంపేసేను అందర్నీ.” తర్వాత నా బెల్టు వైపు చూసింది. “మీ సెట్టు చచ్చిపోయినట్టుందండి. రెండుసార్లు పిలిచేను. బ్యాటరీ మార్చండి.”

మార్చాను. నిండుగా ఉన్న బ్యాటరీ తీసేసి, ఇంకో నిండు బ్యాటరీ పెట్టాను, ఆమె చూస్తుండగా. ఆమె తన సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది.

“ఇప్పుడు వినపడతందా అండీ? ఓవర్.”

“వినపడతాండాదమ్మా. ఓవర్.”

మర్నాడు ఆమెకు పిడి సంగతి నేర్పాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. కఫీల్ వచ్చి ఏం జరిగిందని అడిగితే పెద్ద మామా నన్ను చూపించి, అస్కరీ తలుపు తీశాడు, గాలి వచ్చింది అని చెప్పింది. అబద్ధం కాదు. పారిపోయేటప్పుడు నేను తీసిన తలుపే అది. ఆయన నన్ను కౌగిలించుకుని కొత్త ఫర్వా ఒకటి ఇచ్చాడు. తీసుకున్నాను.

మార్చిలో క్యాంపు ఎత్తేశారు. ఖలాస్ చేసుకుని, లెక్క తేల్చుకుని వచ్చేశాను. ఇంకో ఏడాది ఉండమన్నారు, ఉండలేకపోయాను. ఆ ఫర్వా పెట్టెలో ఉంది, మన ఊరి చలికి అక్కర్లేదు. మొన్న బడిలో జెండా ఎగరేయమని, పిల్లలకు ధైర్యం గురించి రెండు మాటలు చెప్పమని అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను.

కళ్లు మూస్తే నాకు కనపడేది పొగ కాదు. వానలో నా నడుము దగ్గర వెలిగి ఆరిన ఆ పచ్చ దీపం. ఆమె మాట అయిపోయింది. నేను నేర్పినట్టే చెప్పి, నా జవాబు కోసం ఆగి ఉంది.