పుస్తకంలో లేని మెట్లు

మా అమ్మాయి వాటర్ బాటిల్ పొద్దున ఎంత నింపి పంపితే సాయంత్రానికి అంతే తిరిగొచ్చేది. అది గమనించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

"తాగితే కిందకి దిగాల కదా నాన్నా, మళ్లీ ఎక్కాల" అంది.

పుట్టినప్పటి నుంచీ తన కుడికాలికి బలం లేదు. బడిలో తను చదివే ఐదో తరగతి మేడ మీద, బాత్రూంలు కింద. నిటారు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. గాజువాకలో ఎన్ని ఇళ్ల మెట్లకి రెయిలింగులు వెల్డింగ్ చేశానో లెక్కలేదు. ఆటోనగర్‌లో నా షెడ్డు నిండా పైపు ముక్కలే. అయినా బడివాళ్లని ఒక్క మాట అడగలేదు. కష్టాలు పడి గొప్పవాళ్లయిన వాళ్ల కథల పుస్తకాలు మాత్రం తెచ్చి, రోజూ తనచేత చదివించాను. "సూసినావా, కష్టపడితేనే పెద్దోళ్లవుతారు" అని నీతులు కూడా చెప్పాను. బుద్ధి లేకపోతే సరి!

మర్నాడే హెడ్మాస్టర్ గదికి వెళ్లాను. కింద అంత పెద్ద గది, అందులో సోఫా, గాజు బీరువాలో బడి గెలిచిన కప్పులు. ఐదో తరగతిని ఇక్కడికి మార్చమన్నాను. ఆయన బీరువాలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చారు. నడవలేకపోయినా పెద్ద చదువులు చదివి పేరు తెచ్చుకున్న ఒకావిడ జీవితకథ.

"పాపతో చదివించండి. ధైర్యం వస్తుంది."

అక్కడే నిలబడి పేజీలన్నీ తిప్పాను. పరీక్షలున్నాయి, పతకాలున్నాయి. ఆవిడ బాత్రూంకి ఎలా వెళ్లిందో ఒక్క ముక్క లేదు.

"ధైర్యం మా పిల్లకెందుకండీ? ఈ సోఫా పైకెక్కించడానికి మీకు కావాల. రండి, ఓ పక్క నాను పడతాను!" అని అరిచాను. వరండాలో పిల్లలు ఆగిపోయి చూశారు.

ఆయన సోఫా పట్టలేదు గానీ, అంతమంది పిల్లల ముందు కాదనలేక గది మార్చడానికి ఒప్పుకున్నారు. సోమవారం నేనూ అటెండరూ దాన్ని మేడ మీదికి మోశాం. తరగతి కిందకి వచ్చింది.

మొన్న వార్షికోత్సవంలో మా అమ్మాయిని స్టేజీ ఎక్కించారు. నేను స్టేజీకున్న, రెయిలింగ్ లేని మూడు మెట్లనే చూస్తున్నాను. అవరోధాలను జయించిన చిన్నారి అంటూ హెడ్మాస్టర్ మైకులో చెప్పి శాలువా కప్పారు. ఒకటే చప్పట్లు. నేను కొట్టలేదు.

తను దిగొచ్చి నా పక్కన కూర్చుంది. బాటిల్ మూత తీసి గటగటా తాగింది.

"నాను ఏటి జయించినాను నాన్నా? దాహాన్నా?"