పాలసీసాలో ప్రసాదం

పసిపిల్లల పళ్ళ సంగతి నాకు మొదట చెప్పింది మా కలిదిండి అంగన్‌వాడీ టీచరు మరియమ్మ గారు. కోడలు రొయ్యల ఫ్యాక్టరీకి వెళితే ఏడాది మనవరాలు హాసిని నా దగ్గరే ఉండేది. పూజ వేళ ఏడవకుండా, అమ్మవారికి నైవేద్యం పెట్టిన పటికబెల్లం పాలలో కలిపి, సీసా నోటికిచ్చి పడుకోబెట్టేదాన్ని.

ఒకరోజు మరియమ్మ గారు పాప పైపెదవి ఎత్తి చూశారు.

“పళ్ళ మీద తెల్లమచ్చలు చూశారాండీ? పుప్పికి ఇదే మొదలు. ఆ తీపి సీసా మానిపించి, రెండుపూటలా పళ్ళు తోమండి. డాక్టరు గారికి ఓసారి చూపించండి.”

“పాలపళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయి. అయినా ప్రసాదం చెరుపు చేస్తుందా అండీ?” అన్నాను.

“పళ్ళకి అది ప్రసాదమని తెలీదు కదండీ” అని నవ్వారామె. నేను మానలేదు.

మూడో ఏడు రాకముందే హాసిని పెదవి వాచి, జ్వరం తగిలింది. ఏలూరులో డాక్టరు గారు పై ముందుపళ్ళు నాలుగూ తీసేయాలన్నారు. పాపని నా ఒళ్ళోనే కూర్చోబెట్టారు. “నాన్నమ్మా, వద్దని చెప్పు!” అని అది నా కొంగు పట్టుకుని అరిచింది. దాని చేతులు కదలకుండా పట్టుకున్నది నేనే.

కొత్త పళ్ళు రావడానికి ఇంకా నాలుగైదేళ్ళు పడుతుందట. ఇప్పటికీ పూజయ్యాక ప్రసాదం పెట్టబోతే హాసిని రెండు చేతులతో నోరు మూసుకుంటుంది.

మరియమ్మ గారు పోయిన వేసవిలో కన్నుమూశారు. “మీ మాటే నిజమైందండీ” అని ఆవిడ ఉండగా చెప్పలేకపోయాను. మీ ఇంట్లో పసిపిల్లల పళ్ళు తోమేటప్పుడు ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.