ఇంటి మీద పడవ

మా ఎదురింటి లింబయ్య పుట్టేటప్పుడు ముందు తల బయటపెట్టి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, ఏ ప్రమాదమూ లేదని నమ్మకం కుదిరాకే మిగతా ఒళ్లు బయటికి తెచ్చాడని వాళ్లమ్మ ముత్తవ్వ చెప్పేది. ముత్తవ్వ అబద్ధాలాడే మనిషి కాదు. నేను ఆడతానని మా ఊరు చందూర్‌లో అంతా అంటారు. కానీ లింబయ్య గురించి చెప్పేటప్పుడు నాకు ఆ అవసరం ఎప్పుడూ పడలేదు.

అంత జాగ్రత్తపరుడు చేయాల్సిన పని కాదు అతనిది. నిజాంసాగర్‌లో నీళ్లున్నన్నాళ్లు చేపలు పడతాడు. ఆదివారాలు డ్యామ్ చూడటానికి బోధన్ నుంచి, నిజామాబాద్ నుంచి వచ్చే జనాన్ని పడవలో తిప్పుతాడు. ఒడ్డున అతని భార్య పెంటవ్వ చేపలు వేయించి అమ్ముతుంది. పడవ ఎక్కేవాళ్లకు లైఫ్ జాకెట్ లింబయ్యే స్వయంగా కడతాడు. నాడాలు బిగించి, ముడి మీద ముడి వేసి, రెండు చేతులతో లాగి చూస్తాడు. ఒకసారి కొత్తగా పెళ్లైన జంటకు ఎంత గట్టిగా కట్టాడంటే, ఆ ముడులు విప్పడం ఎవరివల్లా కాక ఇద్దరూ జాకెట్లతోనే బోధన్ బస్సెక్కారు. కండక్టరు వాళ్లకు టికెట్టు ఇస్తూ, "ముంగట ఏమన్న వాగు పొంగిందా?" అని భయంగా అడిగాడట.

వేసవిలో నీళ్లు వెనక్కి పోగానే మిగతావాళ్లు పడవలను ఒడ్డున బోర్లించి వెళ్లిపోతారు. లింబయ్యకు ఒడ్డు మీద నమ్మకం లేదు. ఫైబర్ పడవ, తేలిక. దాన్ని తన పాత అంబాసిడర్ కారు మీద ఇనుప క్యారియర్‌కు కట్టుకుని చందూర్ తెచ్చేస్తాడు. ఇక మిరుగం కార్తె వచ్చి వానలు మొదలయ్యేలోపల పడవకు, కారుకు, ఇంటికి వరసగా సేవ జరుగుతుంది. పడవ అడుగుకు అతుకులు, రంగు. కారుకు ఆయిల్, బ్రేకులు. వైపర్లు పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే వాన కావాలి కదా. అందుకని తాను లోపల కూర్చుని, పెంటవ్వతో అద్దం మీద బిందెలతో నీళ్లు పోయిస్తాడు. ఇంటికైతే బెంగుళూరు పెంకులను ఒక్కొక్కటీ వేలితో కొట్టి, చెవి పెట్టి విని, అనుమానం వచ్చినదాన్ని మారుస్తాడు.

"పుచ్చకాయ కొంటున్నవా లింబయ్యా?" అని నేను మా అరుగు మీది నుంచి అడిగేవాణ్ణి.

"నవ్వు పెదబాపు, నవ్వు. వానొచ్చినప్పుడు మీ ఇంట్ల గిన్నెలు పెడ్తరు సూడు, అప్పుడు నేను నవ్వుత."

వాన వచ్చినప్పుడు ఇద్దరి ఇళ్లూ సమానంగానే కారేవి. అది వేరే సంగతి.

ఇలాంటి మనిషి బోధన్ బీమా ఏజెంటు దేవిదాస్ కంటబడటం దేవిదాస్ పూర్వజన్మ పుణ్యం. పడవకు, కారుకు, ఇంటికి వేర్వేరుగా మూడు పాలసీలు ఒకే పూటలో రాయించాడు. ఆ పూట అంతా నేను అక్కడే ఉన్నాను.

"పిడుగు పడితె?" అన్నాడు లింబయ్య.

"ఇస్తరు."

"భూకంపమొస్తె?"

"ఇస్తరు."

"ఇమానం కూలి మీద పడితె?"

"గది గూడ ఇస్తరు లింబన్నా."

"ఏనుగొచ్చి తొక్కితె?"

"చందూర్‌ల ఏనుగేడిదే?"

"రావద్దని ఏమన్న ఉన్నదా?"

దేవిదాస్ చెమట తుడుచుకుని, ఏనుగు సంగతి ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నాడు. పిడుగు నుంచి ఏనుగు దాకా అన్నీ అడిగిన లింబయ్య, పడవ వచ్చి పడితే ఏమిస్తారని మాత్రం అడగలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది?

ఆ ఏడాది ఈ పనులన్నీ ముగించి, పడవను కారు మీదికెక్కించి కట్టి, కారును ఇంటి గోడ పక్కన నిలబెట్టాడు. నీళ్లు పెరిగేలోపలే పడవను రేవులో పెట్టాలని మర్నాడు డ్యామ్‌కు ప్రయాణం. కాసేపు దూరం నుంచి చూశాడు. కట్టిన తాళ్లు కొత్తవి. ఎండలో అలా బిగిసి ఉంటే చీకిపోతాయని అనుమానం వచ్చింది. తాళ్లు విప్పి, చుట్టలు చుట్టి, లోపల నీడలో పెట్టాడు.

"లింబయ్యా, కట్టెతందుకే గదా తాళ్లు?" అన్నాను.

"పొద్దుగాల మళ్ల కడ్త పెదబాపు. అందాక వాటికి జెర ఆరాం."

సాయంత్రం గాలిదుమారం లేచింది. నేను కళ్లారా చూశాను. పడవ కారు మీది నుంచి నెమ్మదిగా లేచి, మా సందులో ఉన్న వేపచెట్టు దాటి పైకి పోయి, ఆకాశంలో ఒక చుట్టు తిరిగి ఊరంతా చూసుకుని, తన ఇల్లు గుర్తుపట్టి దిగింది. బోర్లా దిగింది. పెంకులు పగిలాయి, వాసాలు విరిగాయి, మధ్యగది మీద పెద్ద బొక్క పడింది. ఆ బొక్క మీద పడవ, గిన్నె మీద మూతలా సరిగ్గా కూర్చుంది. గదిలో నిలబడి పైకి చూస్తే ఆకాశం కనిపించాల్సిన చోట పడవ కడుపు కనిపించింది.

వరండాలో జొన్నలు చెరుగుతున్న పెంటవ్వ చాటతోనే బయటికి పరుగెత్తుకొచ్చి పైకి చూసింది.

"ఏందయ్యా! నీళ్లల్ల ఇడిసేదాన్ని ఇంటిమీద ఇడిసినవ్?"

లింబయ్య భయపడలేదు. నిజం చెప్పాలంటే అతని ముఖం వెలిగింది. ఇన్నేళ్లుగా ఏదో ఒకటి జరుగుతుందని చెబుతూ వచ్చాడు, జరిగింది. పైగా పడవ, కారు, ఇల్లు, మూడింటికీ కాగితాలున్నాయి. దేవిదాస్‌కు ఫోను చేశాడు. దేవిదాస్ వచ్చి, ఇంటిని చూసి, "ఎవ్వరు ముట్టద్దు లింబన్నా. ఎక్కడిదక్కడ్నే ఉండాలె. సర్వేయరు చూసెదాంక ఒక్క పెంక కదిలిచ్చినా కేసు ఖరాబైతది" అన్నాడు.

సర్వేయరు నిజామాబాద్ నుంచి వచ్చాడు. పేరు ఫుర్ఖాన్. మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"సలాం కాకా. కారు ఏది?"

కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. పైన క్యారియర్ మీద చెయ్యి వేసి చూశాడు.

"గీత గూడ పడలే కదా. బ్రహ్మాండంగ ఉన్నది."

"కారుకు ఏం కాలే సార్. దాని మీదికెళ్లి లేచిన పడవ, గో అక్కడ..." అంటూ లింబయ్య ఇంటివైపు చెయ్యి చాపాడు.

ఫుర్ఖాన్ తల తిప్పలేదు. చేతిని ఫైలుకు అడ్డం పెట్టుకున్నాడు. "చూపియ్యకు కాకా. ఇయ్యాల నేను కారు సర్వేయర్‌ని. ఇల్లు వేరే ఫైలు."

"ఆ ఫైలు ఎవరు సూస్తరు సార్?"

"నేనే. గానీ ఇయ్యాల కాదు."

రెండోసారి ఇంటి ఫైలుతో, దేవిదాస్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ రోజు కారు పక్క నుంచి నడిచి వచ్చినా దాన్ని చూడనట్టే ఉన్నాడు. మధ్యగదిలో కుర్చీ వేయించుకుని పైకి చూశాడు.

"గాలికి పెంకులు లేస్తే ఇస్తరు కాకా. నీ పెంకులు గాలికి లేచినయా?"

"లేదు సార్. పడవ పడి పలిగినయ్."

"పడవ ఎవరిది?"

"నాదే."

"నీ సామాను నీ ఇంటి మీద నువ్వేస్కుంటే కంపెనీ ఏం చెయ్యాలె?"

"నేనేసిన్నా సార్? గాలేసింది!"

"తాళ్లు కట్టినవా?"

లింబయ్య ఛాతీ విరిచాడు. "లేదు సార్. ఖరాబైతయని ఇప్పి లోపల పెట్టిన. కావాలంటె సూడుండ్రి, కొత్తగనే ఉన్నయ్."

దేవిదాస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఫుర్ఖాన్ జాలిగా అంతా రాసుకుని, పై ఆఫీసుకు పంపుతానని, జవాబు వచ్చేదాకా పడవను ఇంటి మీది నుంచి కదిలించవద్దని చెప్పి వెళ్లాడు.

జవాబు రాలేదు, వాన వచ్చింది. మా సందులో ప్రతి ఇంట్లోనూ గిన్నెలు, బిందెలు, బకెట్లు నేలమీదికి దిగాయి. లింబయ్య మధ్యగదిలో ఒక్క చుక్క పడలేదు. నేను నా మంచం మడిచి వాళ్లింటికి చేరాను. నా వెనకే మరో నలుగురు వచ్చారు. పైన ఫైబర్ మీద వాన డప్పు కొడుతుంటే కింద పెంటవ్వ అందరికీ చాయ్ పోస్తూ మొగుణ్ణి దెప్పేది.

"ఇన్నేండ్లు ఏలు పెట్టి కొట్టి కొట్టి పెంకలు మార్చినవ్. ఒక్క సుక్కన్న ఆపినవా? నువ్వు సెయ్యనిది నీ పడవ జేసింది సూడు."

ఆ వాన రోజుల్లోనే సాయికుమార్ ఫోను వచ్చింది. సాయికుమార్‌దీ డ్యామ్ మీదే బతుకు, ఆ ఏడాదే కొత్త పడవ కొన్నాడు. రెండేళ్లుగా అడుగు కనబడుతున్న నిజాంసాగర్‌లోకి నీళ్లు వస్తున్నాయి. అక్కడి రేవులో ఒక రివాజు ఉంది. పెరిగే నీళ్లు కింది మెట్టును ముట్టే రోజున ఎవరి పడవ ఎక్కడ ఉంటే ఆ ఏడంతా ఆ జాగ వాళ్లది. జనం నేరుగా దిగే మెట్ల ముందు జాగ లింబయ్యది, అంతకుముందు వాళ్ల బాపుది. దాని పక్కనే పెంటవ్వ పొయ్యి.

"కాకా, నీళ్లు మెట్లకాడికొస్తున్నయ్" అన్నాడు సాయికుమార్. "నీ జాగల నా పడవ పెట్టుకోనా? నీది ఎట్లాగు ఇంటిమీద ఈదవట్టె."

ఆ రోజు లింబయ్య అన్నం ముట్టలేదు. ఫుర్ఖాన్‌కు ఫోను మీద ఫోను చేశాడు. ఫుర్ఖాన్ వచ్చాడు, మూడో ఫైలుతో. సందులో నిలబడి, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు ఇంటిపైకి చూశాడు.

"అచ్ఛా! గిదా పడవ?"

"ఇదే సార్. దింపుకోమంటరా?"

"దింపాలె మరి! పడవ పాలసీ నీళ్ల మీద ఉన్న పడవకు. తేలుతుంటేనే నేను చూడాలె. డ్యామ్‌ల వెయ్యి, వచ్చి చూస్త."

"మీరే గద సార్ కదిలియ్యద్దన్నరు?"

"అన్నది ఇంటి సర్వేయరు."

"అది మీరే గద సార్!"

"ఇయ్యాల నేను పడవ సర్వేయర్‌ని కాకా."

చిన్నప్పుడు మా కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పే సిస్టర్ ఒక పెట్టె, ఒక బంతి పట్టుకొచ్చి, బంతి పెట్టె మీద ఉంది, పెట్టె పక్కన ఉంది, పెట్టెలో ఉంది అని వారమంతా చెప్పించేది. దానికోసం వారం ఎందుకని అప్పట్లో నవ్వుకున్నాను. ఎక్కడున్నా బంతి బంతే కదా అనుకున్నాను. సిస్టర్‌కు బీమా సంగతులు ముందే తెలుసనుకుంటాను.

ఫుర్ఖాన్ వెళ్లాక లింబయ్య గడపలో కూలబడ్డాడు. "దింపితె ఇంటి కేసు పోతది. దింపకుంటె పడవ కేసు పోతది."

"రేవుల జాగ పోతది!" అంది పెంటవ్వ. "గది ఏ కేసయ్యా?"

పెంటవ్వ కొంగు నడుముకు చుట్టి, నిచ్చెన తెచ్చి గోడకు వేసింది.

"పెంటీ, పడ్తవే! గా నిచ్చెన పాతది!"

"పడ్త. నేను పడితె ఏ ఫైలుల రాస్తరో గా సారునే అడుగు."

"ఇల్లు తడుస్తదే!"

"తడవనీ. గొడుగు పట్టుకొని పండుకుంట. నీ బాపు జాగల గా సాయిగాడు కూసుంటె మాత్రం నేను సూడ."

రెండో మెట్టు మీద ఆమె కాలు జారబోయింది. లింబయ్య లేచి ఆమెను దింపి, తానే ఎక్కాడు. ఆ నిచ్చెనను ఊపి చూడలేదు, ఏ మెట్టు గట్టిదో వేలితో కొట్టి వినలేదు. సందులోని మగవాళ్లం అందరం చేతులు వేశాం. పడవ లేవగానే మధ్యగదిలో పాపం అన్నాళ్లుగా ఆగిన వాన అంతా ఒక్కసారే దిగింది. బొక్క మీద నీలం తాడిపత్రి పట్టా పరిచాం. అది సగం బొక్కకు వచ్చింది. మిగతా సగం ఆకాశానికి వదిలేశాం.

కారు డ్యామ్ చేరేసరికి నీళ్లు కింది మెట్టుకు జానెడు దూరంలో ఉన్నాయి. సాయికుమార్ కొత్త పడవను ఆ జాగలోకి తెస్తూ సగం దారిలో ఉన్నాడు. లింబయ్య చెప్పులతోనే బురదలో దిగి, తన పడవను ఈడ్చి, మెట్ల ముందు పెట్టి, అందులో కూర్చున్నాడు.

"వచ్చినవా కాకా!" అని సాయికుమార్ నవ్వాడు. "ఇంక జెరసేపు ఇంటిమీదనే ఆగకపోయినవ్?"

"జరుగురా, జరుగు. నీ పడవ నీడ నా జాగల పడుతున్నది."

చీకటి పడకముందే నీళ్లు మెట్టును ముట్టాయి.

తర్వాత ఒక ఆదివారం ఫుర్ఖాన్ పడవ ఫైలుతో వచ్చాడు. డ్యామ్ నిండా నీళ్లు, ఒడ్డు నిండా జనం, పెంటవ్వ పొయ్యి చుట్టూ పొగ. లింబయ్య అతనికి జాకెట్ బిగించి పడవలో కూర్చోబెట్టి, నీళ్ల మధ్యకు తీసుకుపోయాడు. నేనూ ఆ పడవలోనే ఉన్నాను. ఫుర్ఖాన్ అటు వంగి, ఇటు వంగి చూసి రాసుకున్నాడు.

"మాషా అల్లా, మంచిగ తేలుతున్నది కాకా. పడవకు నష్టమేం లేదు. ఫైలు బంద్."

"ఇంటిది సార్?"

"పై ఆఫీసు జవాబొచ్చింది. ఇంటి మీద పడవ ఉన్నదా ఇప్పుడు?"

"లేదు సార్, మనం కూసున్నది గా పడవలనే గద."

"మరి పడవతోనే నష్టమైందని సాక్ష్యం ఏది? అది గూడ బంద్."

లింబయ్య తెడ్డు ఆపాడు. కోపం రాలేదు. పెంకును వేలితో కొట్టి వినేటప్పటి ముఖం పెట్టి ఆలోచించాడు.

"సార్, ఒక్క మాట. రేపు గాలొచ్చి మా ఇల్లు లేచి ఈ పడవ మీద పడితె, ఏ కాగితం కింద ఇస్తరు?"

ఫుర్ఖాన్ కలం ఆగింది. చందూర్ ఎటువైపో వెతుకుతున్నట్టు ఆకాశం వైపు చూశాడు. అతను నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఫైలులో కొత్త కాగితం తీశాడు.

"ఇల్లు ఎవరిది కాకా?"

ఒడ్డు మీది నుంచి జనం "బోటూ, బోటూ" అని చేతులూపుతున్నారు. లింబయ్య పడవను అటు తిప్పాడు.